షాండీకి రెండో అర్థం

2007 మే నెల. పాడేరు దాటి ఇంకా పైకి వెళ్తే వచ్చే ఒక మండల కేంద్రంలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా నాకది పదహారో ఏడు. 1991లో బొబ్బిలి నుంచి నన్ను అక్కడికి వేసినప్పుడు మావాళ్ళు పరామర్శకు వచ్చినట్టు వచ్చారు. మలేరియా వస్తుందని ఒకరు, రెండేళ్ళు ఓపిక పట్టి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమని ఒకరు. మలేరియా వచ్చింది, నాలుగుసార్లు. ట్రాన్స్‌ఫర్ మాత్రం నేను పెట్టుకోలేదు. ఎందుకని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. సుభద్ర సంగతి చెప్తే కొంత తెలుస్తుంది.

సుభద్ర నా దగ్గర ఇంటర్ చదివిన పిల్ల. పెదబయలు వైపు కొండమీద పాతిక గడపల ఊరు వాళ్ళది. ఇంటర్ అయ్యాక విశాఖలో డిగ్రీ, ఆ పైన లా చదివి, మళ్ళీ కొండెక్కి వచ్చి భూమి కేసులు వాదిస్తూ ఉండేది. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోదు గనకే అక్కడ దొంగ కాగితాలకీ, తగాదాలకీ కొదవ ఉండదు. "మాకు చట్టాలున్నాయి మేడం, వాటిని చదివి చెప్పేవాళ్ళు లేరు" అనేది. భూమి చట్టాల మీదే ఇంకా పై చదువు, ఎల్ఎల్ఎం, చదవాలని దాని పట్టుదల. బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీ సీటిచ్చింది. స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. అయితే అది కండిషనల్ ఆఫర్. అంటే మేం అడిగిన ఇంగ్లీషు మార్కులు జులై ఆఖరుకి చూపిస్తేనే సీటు, లేకపోతే లేదు అని.

ఆ ఇంగ్లీషు పరీక్ష గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కోదానికీ తొమ్మిదికి ఇన్ని అని వేస్తారు, దాన్ని బ్యాండ్ అంటారు. మామూలు కోర్సులకి ఆరు, ఆరున్నర వస్తే సరిపెట్టుకునేవాళ్ళు కూడా లా దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోతారు. మాటలతో బతికే వృత్తి కదా. సుభద్రని అడిగింది మొత్తం మీద ఏడు, ఏ ఒక్క భాగంలోనూ ఆరున్నరకి తగ్గకూడదు.

ఆ మే నెలలో ఒకరోజు పొద్దున్నే మా క్వార్టర్ గుమ్మంలో నిలబడింది. చేతిలో కవరు.

"పోయింది మేడం. ఆరొచ్చింది."

"ఏటి ఆరు? ఎందులో ఆరు?"

"మాట్లాడ్డంలో."

కవరు లాక్కుని చూశాను. వినడం ఏడు, చదవడం ఏడున్నర, రాయడం ఏడు. మాట్లాడడం ఆరు. మొత్తం మీద ఏడు వచ్చింది గానీ ఆ ఒక్క ఆరు దగ్గర సీటు ఆగిపోయింది. మళ్ళీ పరీక్ష రాసి, ఫలితం జులై ఆఖరుకి అందాలంటే ఇంకొక్క అవకాశమే ఉంది. అది కూడా పోతే స్కాలర్‌షిప్ ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

నాకు ఒళ్ళు మండింది. నా కోపం అందరికీ తెలిసిందే, పిల్లలు చాటున నన్ను మిరపకాయ మేడం అంటారని కూడా నాకు తెలుసు. "కోర్టులో గొంతు చించుకుని వాదిస్తావు, పది నిముషాలు ఒక మనిషి ముందు కూర్చుని మాట్లాడలేకపోయావా?" అని తిట్టాను. తిట్టి, కాఫీ పెట్టి ఇచ్చి, అసలేం జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పమన్నాను.

హైదరాబాదులో పరీక్ష. ఎదురుగా ఒక పెద్దవయసు ఇంగ్లండు ఆయన, బల్ల మీద టేపురికార్డరు. మాట్లాడే పరీక్షలో క్యూ కార్డ్ అని ఒక చీటీ ఇస్తారు. దాని మీద ఉన్న విషయం గురించి ఒక నిముషం ఆలోచించుకుని రెండు నిముషాలు మాట్లాడాలి. చిన్నప్పుడు ఇష్టంగా వెళ్ళిన చోటు గురించి చెప్పమని వచ్చింది. ఇంతకన్నా సులువేముంటుంది? సుభద్ర సంత గురించి చెప్పింది. ఇంగ్లీషులో చెప్పిందాన్ని నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను, సంతకి తను వాడిన షాండీ అన్న ఇంగ్లీషు మాట మాత్రం అలాగే ఉంచాను.

"మా అమ్మ షాండీ కోసం పన్నెండు కిలోమీటర్లు నడిచేది. వానొచ్చినా వరదొచ్చినా మేం షాండీ మానలేదు. షాండీ రోజు మా ఊళ్ళో ఎవరూ పనిలోకి వెళ్ళరు. షాండీ అయ్యాక సాయంత్రం అందరం పాటలు పాడుకుంటూ కొండెక్కేవాళ్ళం."

ఆయన "అప్పటికి మీ వయసెంత?" అని అడిగాడట.

"ఆరేళ్ళు సార్. అంతకుముందు నుంచీ అలవాటే. మా అమ్మ వీపున కట్టుకుని తీసుకెళ్ళేది."

"చిన్నపిల్లలకి అది మంచిదేనని మీ అభిప్రాయమా?"

"చాలా మంచిది సార్. బడిలో రానిది షాండీలో వస్తుంది."

ఆయన పెన్ను కింద పెట్టాడట. ఆ ముఖం చూసి సుభద్రకి ఎక్కడో ఏదో తేడా కొట్టింది.

"కొండోళ్ళమని లోకువ అనుకున్నాను మేడం," అంది సుభద్ర. కాఫీ గ్లాసు వైపే చూస్తోంది. "కోర్టులో కూడా కొందరు అలాగే సూస్తారు. అక్కడైతే తగువాడతాను. ఇక్కడ నోరు పెగల్లేదు. తర్వాత ఏటడిగినా అవుననీ కాదనీ అనేసి లేచొచ్చేశాను."

ఇప్పుడు ఇది చదువుతున్న మీలో ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. నేను నవ్వలేదు. నాకేమీ అర్థం కాలేదు. పైగా "సమాధానం బ్రహ్మాండంగా ఉంది, ఆ మనిషికే బుర్ర లేదు" అని ఆయన్ని కూడా నాలుగు దులిపాను. ఎంఏ ఇంగ్లీషు చదివి, పదహారేళ్ళు పాఠం చెప్పిన మనిషిని.

రోగం తెలియకుండా మందు వెయ్యడం మొదలుపెట్టాను. ఉచ్చారణ తేడా అనుకుని స, ష, చ పలకడం మీద వారం రోజులు రుద్దాను. బల్ల మీద గడియారం పెట్టి అద్దం ముందు మాట్లాడించాను. తప్పు దొరికినప్పుడల్లా కర్రతో బల్ల మీద కొట్టేదాన్ని. సుభద్ర రోజురోజుకీ బాగుపడడం పోయి బిగుసుకుపోయింది. నోరు తెరవబోయే ముందు నా చేతిలో కర్ర వైపు చూడ్డం మొదలుపెట్టింది. కొండ వాగులా మాట్లాడే పిల్లని నేనే కుళాయి చుక్కల్లోకి దించుతున్నానని తెలుస్తూనే ఉంది. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం, ఇలా కాదు, నేనే ఒక మంచి సమాధానం రాసి ఇస్తాను, చూసి నేర్చుకుంటుంది అని కూర్చున్నాను. సంత గురించే మొదలుపెట్టాను. షాండీ అన్న మాటకి స్పెల్లింగులో చివర ఒక అక్షరమా రెండా అని అనుమానం వచ్చి డిక్షనరీ తీశాను. నా సొంత డిక్షనరీ, ఇంగ్లండులో అచ్చయింది, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాన్నగారు కొనిచ్చింది.

షాండీ: బీరులో నిమ్మరసపు సోడా కలిపిన పానీయం.

అంతే. ఇంకో అర్థం ఉంటుందేమోనని కిందికి చూశాను. లేదు. పేజీ తిప్పాను, వెనక్కి తిప్పాను. లేదు.

బీరు కోసం పన్నెండు కిలోమీటర్లు నడిచిన తల్లి. చంటిపిల్లని కూడా వీపున కట్టుకుని తీసుకెళ్ళిన తల్లి. ఊరంతా పని మానుకుని బీరు తాగి పాటలు పాడుకుంటూ కొండెక్కడం. బడిలో రానిది బీరులో వస్తుందని లాయరమ్మ వాంగ్మూలం. మొదట ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఎందుకంటే ఆ మాట దానికి నేర్పింది నేను. అక్కడి ఆఫీసుల్లో, పేపర్లలో, ఆర్డర్లలో సంతని షాండీ అనే రాస్తారు. వచ్చిన కొత్తలో నేనూ అక్కడే నేర్చుకుని, అదే అసలైన ఇంగ్లీషనుకుని, ఏటా సంత మీద వ్యాసం రాయించేదాన్ని. సుభద్ర ఇంటర్ మొదటి సంవత్సరంలో ఆ వ్యాసంలో మార్కెట్ అని రాసింది. నాకు బాగా గుర్తు. ఆ మాట కొట్టేసి, పైన ఎర్ర సిరాతో షాండీ అని రాసి, అర మార్కు కోశాను. పిల్ల సరిగ్గా రాసిందాన్ని దిద్ది పాడుచేసిన పుణ్యం నాదే.

మర్నాడు గురువారం, సంత. డిక్షనరీ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. సుభద్ర వాళ్ళమ్మ పక్కన కూర్చుని పనసకాయలూ, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలూ అమ్ముతోంది. కోర్టు సెలవులు గదా, నల్లకోటు లేదు, తల్లితో సమానంగా నేల మీద చతికిలబడి ఉంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు.

"ఏటమ్మా, మా గుంట మళ్ళీ ఏటి తప్పు సేసినాది?" అంది తల్లి. నేను పదిరోజులుగా కర్రతో బల్ల కొడుతున్న సంగతి ఆవిడదాకా వెళ్ళినట్టుంది.

"మీ గుంట తప్పు కాదమ్మా. తప్పు నాది," అని పుస్తకం తెరిచి సుభద్రకి చూపించాను. ఎర్ర సిరా సంగతి కూడా చెప్పేశాను. ఉద్యోగంలో చేరాక ఒక విద్యార్థి ముందు అంత చిన్నబోయింది అదే మొదలు.

సుభద్ర చదివింది. మళ్ళీ చదివింది. నేను కోపం కోసం సిద్ధపడి నిలబడ్డాను. దానికి ముందు భుజాలు కదిలాయి. తర్వాత చూస్తే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

"మేడం! అయితే ఆయన నన్ను లోకువ కట్టలేదు. నన్ను చూసి జాలిపడ్డాడు!"

ఆ మాటతో నా గుండె కుదుటపడింది. తనని చిన్నచూపు చూశారన్న ముల్లు ఇన్నాళ్ళూ లోపల ఉండిపోయింది దానికి. ఆరు కన్నా అదే ఎక్కువ నొప్పి. తల్లికి వాళ్ళ భాషలో విడమరిచి చెప్పింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, నా వైపు తిరిగి తెలుగులో అంది:

"జీలుగు కల్లు లేని సంతేటమ్మా? ఆ దొర అనుకున్నదాంట్లో సగం నిజమే కదా."

చుట్టుపక్కల అమ్ముకుంటున్నవాళ్ళు కూడా నవ్వేశారు. నాకో పనసకాయ ఊరికే ఇచ్చింది, వద్దన్నా వినలేదు. తప్పు చేసినవాళ్ళకి పనసకాయ ఇచ్చే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

"సరే, ఇక ఆ మాట జోలికి వెళ్ళకు," అన్నాను. "వీక్లీ మార్కెట్ అని చెప్పు, గొడవ వదిలిపోతుంది."

సుభద్ర తల అడ్డంగా ఊపింది. "మాట మార్చను మేడం. నా దగ్గరున్న భూమి కేసులో దొరల కాలం నాటి కాగితం ఒకటుంది. అందులో హద్దులు రాసి ఉన్నాయి. తూర్పున వాగు, పడమర షాండీ. దాని తెలుగు నకల్లో సంత బయలు అనుంది. మన సంతే మేడం అది. దొరలకి నోరు తిరక్క షాండీ అన్నారు. కాగితంలో రాసుకున్నారు, పోయారు, మర్సిపోయారు. మనం దాన్ని అట్టే పెట్టుకున్నాం."

నోరు తెరుచుకుని వింటున్నాను. సంత, షాండీ. పదహారేళ్ళు రెండు మాటలూ పక్కపక్కన బోర్డు మీద రాసిన నాకు అవి రెండూ ఒకే మాటని, ఒకదాంట్లోంచే ఇంకోటి పుట్టిందని తట్టలేదు.

"మరి వాళ్ళకి అర్థం కావాలి కదా?"

"దానికి మా దగ్గర మందుంది మేడం. ఏ చట్టం తీసినా మొదట్లోనే డెఫినిషన్స్ అని ఒక సెక్షన్ ఉంటాది. ఈ చట్టంలో ఫలానా మాటకి అర్థం ఇదీ అని ముందే చెప్పేస్తారు. ఇంక తగువుండదు. కోర్టులో మా ముసలాళ్ళు రెండు కుంచాల నేల అంటే జడ్జీగారికి తెలీదు. రెండు కుంచాల విత్తనం సల్లే నేలండీ అని నేనే సెప్తాను. అక్కడ రోజూ చేసే పని, ఆ పరీక్షలో మర్సిపోయాను."

ఆ రోజు నుంచి నేను కర్ర పక్కన పడేశాను. దాని పద్ధతిలోనే సాధన చేశాం. కొండ మాట ఏది వాడినా వెంటనే ఒక చిన్న వాక్యంలో దాని అర్థం. పోడు అంటే కొండవాలున అడవి నరికి చేసే సేద్యం. ఏజెన్సీ అంటే టికెట్లమ్మే ఆఫీసు కాదు, గిరిజనులకి ప్రత్యేక చట్టాలున్న ప్రాంతం. నేను కుర్చీలో దొరలా కాలుమీద కాలేసుకుని కూర్చుని, "అంటే ఏమిటి?" అని ముక్కుతో అడిగేదాన్ని. నా దొరతనం చూసి పిల్ల నవ్వు ఆపుకోలేకపోయేది. నవ్వుతున్నకొద్దీ మాట తిరిగి వాగులా దిగింది. రెండోసారి పరీక్షకు వెళ్తూ నా డిక్షనరీ అడిగి తీసుకెళ్ళింది.

ఈసారి ఎదురుగా ఒక మధ్యవయసు ఇంగ్లండు ఆవిడ. చీటీ మీద, మీరు గౌరవించే ఒక మనిషి గురించి. సుభద్ర వాళ్ళమ్మ గురించి చెప్పింది. వద్దన్నా షాండీని లాక్కొచ్చింది.

"మా అమ్మ షాండీకి పన్నెండు కిలోమీటర్లు నడిచేది. షాండీ అంటే మా కొండల్లో వారానికోసారి జరిగే సంత, మీరు తాగేది కాదు. మీ ఆఫీసర్లు ఈ మాటని మా దగ్గర తీసుకుని మర్చిపోయారు. మేం దాచిపెట్టాం."

ఆవిడ పరీక్ష నియమాలన్నీ ఒక్క క్షణం పక్కన పెట్టి గట్టిగా నవ్విందట. ఆ నవ్వు కూడా టేపులో పడే ఉంటుంది.

జులైలో ఘాట్ రోడ్డు మీద చరియ విరిగిపడి మూడు రోజులు బస్సుల్లేవు. నాలుగోరోజు టపాతో కవరు వచ్చింది. సుభద్ర దాన్ని తెరవకుండా తడిసిన గొడుగుతో మా క్వార్టర్‌కి పరుగెత్తుకొచ్చి, "బేగి సూడండి మేడం, నాకు చేతులాడట్లేదు" అని నా చేతిలో పెట్టింది. మాట్లాడడం ఏడున్నర. మిగతా మూడూ ఏడుకి తగ్గలేదు. నేను ఏడ్చాను, అది నన్ను ఓదార్చింది. మిరపకాయ మేడం ఏడ్చిందని ఊరంతా చెప్పింది కూడా.

వెళ్ళబోయే ముందు వచ్చి డిక్షనరీ తిరిగిచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టింది. డిసెంబరులో ఉత్తరం రాసింది. "ఇక్కడి షాండీ తాగి చూశాను మేడం. తియ్యగా, చప్పగా ఉంది. దీనికోసం ఎవరూ పన్నెండు కిలోమీటర్లు నడవరు. మా అమ్మకి చెప్పండి." సంతరోజు వెళ్ళి చెప్పాను. ఆవిడ నవ్వి, ఇంకో విషయం ఏమైనా రాసిందా అని మూడుసార్లు అడిగింది. ఏడాది తిరిగేసరికి చదువు ముగించుకుని వచ్చేసింది. ఇప్పటికీ ఆ కొండల్లోనే భూమి కేసులు వాదిస్తోంది.

అది ఇంకా అక్కడ చదువుతుండగా, ఆ జనవరిలో నా ఫస్టియర్ పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. సంత మీద వ్యాసం. ఒక పిల్ల మార్కెట్ అని రాసింది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. కొట్టెయ్యలేదు. మర్నాడు క్లాసులో షాండీ కథంతా చెప్దామని, సాక్ష్యానికి ఆ పేజీ చూపిద్దామని డిక్షనరీ తీసుకెళ్ళాను. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుని, తెలియని మాటకి అర్థం చెప్తూ మాట్లాడితే చాలు, మన మాటని దాచుకోనక్కర్లేదు. అదీ చెప్దామనుకున్నది. సుభద్ర నాకు నేర్పిన పాఠం అది.

పిల్లల ముందే పేజీ తెరిచాను. బీరు, నిమ్మసోడా అన్న అర్థం కింద ఉన్న ఖాళీలో, ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలు. నా డిక్షనరీ తిరిగిచ్చే ముందు సుభద్ర రాసి ఉంటుంది.

"2. సంత. మా మేడం నేర్పిన మాట. తప్పు కాదు."

క్లాసంతా నా వైపే చూస్తున్నారు. ఆ రోజు పాఠం నేను చెప్పలేకపోయాను. పుస్తకం ముందు బెంచీ పిల్ల చేతికిచ్చి, గట్టిగా చదవమన్నాను.